పోపుల డబ్బా ఎక్కడ? బీరువా తాళం ఎక్కడ?

వెబ్ అప్లికేషన్‌లో హెల్పర్ ఫంక్షన్లు, కాన్ఫిగరేషన్ ఎక్కడ సర్దాలనేది కోడర్ల గొడవ అనుకుంటాం. కొత్తపట్నంలో రొయ్యలు అమ్మిన రైతు చీటీ చూస్తే అది ఎవరి గొడవో అర్థమవుతుంది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఎవరైనా రెండో వారంలో అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఈ ఫంక్షన్ ఏ ఫైల్లో పెట్టను?" పక్క సీట్లో ఉన్న అన్న తల కూడా తిప్పకుండా "యుటిల్స్‌లో పడెయ్" అంటాడు. ఇంకో వారానికి రెండో ప్రశ్న. "ఈ పాస్‌వర్డ్ ఎక్కడ పెట్టను?" దానికీ జవాబు రెడీ. "ప్రస్తుతానికి కోడ్‌లో రాసెయ్, తర్వాత చూద్దాం." ఆ తర్వాత ఎప్పటికీ రాదు. ఇది మన ఫీల్డ్‌లో అందరికీ తెలిసిన రహస్యం.

మీ ఇంట్లో వంటగది గుర్తు తెచ్చుకోండి. పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఉంటుంది, ఎందుకంటే రోజూ పదిసార్లు కావాలి. ఏడాదికి సరిపడా కొట్టించిన కారం జాడీలో ఉంటుంది. బీరువా తాళంచెవి మాత్రం అమ్మకి తప్ప ఎవరికీ తెలియని చోట ఉంటుంది. ఎవరూ రూల్ బుక్ రాయలేదు. ఎంత తరచుగా వాడతాం, ఎంత తరచుగా మారుతుంది, ఎవరి చేతిలో పడితే ప్రమాదం... ఈ మూడూ చూసి అమ్మమ్మలే సర్దేశారు. కోడ్‌లో కూడా అడగాల్సినవి ఈ మూడే.

ఒకే రోజు, రెండు తారీకులు

ఒంగోలు నుంచి బస్సెక్కితే గంటలోపే కొత్తపట్నం. సముద్రం, సరుగుడు తోటలు, ఒడ్డున పడవలు, లోపలికి వస్తే రొయ్యల చెరువులు. మా బాబాయ్‌కి అక్కడ రెండు చెరువులున్నాయి. వనామీ రొయ్యల పట్టుబడి ఎండ ఎక్కకముందే అయిపోవాలి. కాబట్టి అర్ధరాత్రి వల వేస్తే తెల్లవారుజామున కాటా పెడతారు. కౌంట్ తీస్తారు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో ఆ లెక్క. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది. కౌంట్‌ని బట్టి రేటు, ఆ రేటు కూడా రోజురోజుకీ మారుతుంది.

కొనే వ్యాపారి దగ్గర ఫోన్‌లో తెరిచే ఒక వెబ్ యాప్ ఉంది. కాటా బరువు, కౌంట్ కొడితే చీటీ వచ్చేస్తుంది. నేను సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు బాబాయ్ ఒక చీటీ నా చేతిలో పెట్టాడు.

"ఏంది అబ్బాయ్ ఇది? తెల్లారి నాలుక్కి కాటా ఏస్తే నిన్నటి తారీకు ఏసుకున్నారు. రేటు కూడా నిన్నటిదే కట్టారు. కావాలనే చేస్తున్నారంటావా?"

ఆ అనుమానం ఊళ్లో ఆయనొక్కడిది కాదు. వ్యాపారి కూడా తలపట్టుకునే ఉన్నాడు. "నేనేం మార్చలా, యాప్ అట్టా చూపిస్తంది" అంటాడు. యాప్ చేసిచ్చిన కుర్రాడు వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. నన్ను చూడమంటే ల్యాప్‌టాప్ తెరిచాను.

విషయం సింపుల్. సర్వర్ గడియారం యూటీసీలో నడుస్తుంది. మన టైమ్ దానికంటే 5:30 గంటలు ముందు. అంటే కొత్తపట్నంలో తెల్లవారుజామున 4 గంటలైతే సర్వర్‌కి ఇంకా నిన్న రాత్రి 10:30. ఉదయం 5:30 లోపు "ఈరోజు ఏ తారీకు?" అని అడిగిన ప్రతిసారీ సర్వర్ నిన్నటిదే చెబుతుంది. ఆఫీసు వేళల్లో పనిచేసే యాప్ అయితే ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడేది కాదు. రొయ్యల పట్టుబడి, సముద్రం మీద వేట రెండూ జరిగేది సరిగ్గా ఆ వేళల్లోనే.

అసలు కథ ఇక్కడుంది. ఆ కుర్రాడికి ఈ సంగతి తెలుసు. 19,800 సెకన్లు కలిపే లెక్క రాశాడు కూడా. అంటే అయిదున్నర గంటలన్నమాట. కానీ "ఈరోజు" అని లెక్కగట్టే లైన్లు ఆ కోడ్‌లో ఆరుచోట్ల ఉన్నాయి. నాలుగుచోట్ల దిద్దాడు, రెండు మిగిలిపోయాయి. ఒకటి చీటీ ప్రింట్ చేసేచోట, ఇంకోటి రేటు వెతికేచోట. అందుకే స్క్రీన్ మీద ఈరోజు, చీటీ మీద నిన్న. రాత్రికి రాత్రి రేటు కిలోకి 10 రూపాయలు పెరిగిందనుకోండి. రెండు టన్నుల రొయ్యలకి 20,000 రూపాయలు తేడా. తగ్గితే ఆ నష్టం వ్యాపారికి. ఇద్దరిలో ఎవరూ దొంగ కాదు, కానీ ఇద్దరి మధ్యా నమ్మకం పోయింది.

ఆరుచోట్లా ఉన్న లెక్కని ఒక్క ఫంక్షన్‌గా చేసి ఒక్కచోట పెడితే ఈ గొడవే లేదు. దాన్నే హెల్పర్ అంటాం. చేత్తో 19,800 కలపడం కూడా అక్కర్లేదు. "ఏషియా/కోల్‌కతా" అని టైమ్ జోన్ పేరు చెబితే లైబ్రరీనే చూసుకుంటుంది. డేటాబేస్‌లో యూటీసీ దాచుకోవడం, మనిషికి చూపించేటప్పుడూ తారీకు లెక్కగట్టేటప్పుడూ మన టైమ్‌కి మార్చుకోవడం... ఈ పద్ధతి పెట్టుకుంటే చాలు.

హెల్పర్ అంటే ఎవరు?

ప్రతి చిన్న ఫంక్షనూ హెల్పర్ కాదు. నేను వాడే పరీక్ష ఇది. ఈ ఫంక్షన్‌ని తీసుకెళ్లి గుంటూరు మిర్చి యార్డు యాప్‌లో పెడితే ఒక్క అక్షరం మార్చకుండా పనిచేస్తుందా? చేస్తే అది హెల్పర్.

తారీకు లెక్క పనిచేస్తుంది. 1234567ని మన పద్ధతిలో 12,34,567 అని కామాలు పెట్టి చూపించే ఫంక్షన్ పనిచేస్తుంది. తెలుగు పేరుని చీటీలో పట్టేలా కత్తిరించే ఫంక్షన్ పనిచేస్తుంది. ఈ చివరిది చిన్న విషయం అనుకోకండి. "శ్రీ" మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌కి నాలుగు: శ, హల్లు గుర్తు, ర, ఈత్వం. యూటీఎఫ్-8లో 12 బైట్లు. "శ్రీనివాసరావు"ని గుడ్డిగా రెండు కోడ్ పాయింట్ల దగ్గర కోస్తే చీటీ మీద "శ్" మిగులుతుంది. ఎస్సెమ్మెస్ కూడా అంతే. ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు పట్టేచోట తెలుగులో 70 దాటితే రెండో మెసేజ్ కింద లెక్క. ఇవన్నీ తెలిసిన ఒక ఫంక్షన్ ఒక్కచోట ఉండాలి. పదిమంది పదిసార్లు తెలుసుకుని పదిరకాలుగా రాయకూడదు.

మరి కౌంట్ లెక్క? "శాంపిల్‌లో ఎన్ని రొయ్యలు, ఎంత బరువు, ఏ రేటు, ఎంత తరుగు" అనే ఫంక్షన్ మిర్చి యార్డులో పనికిరాదు. అక్కడ కౌంట్ లేదు, టిక్కీలున్నాయి. అది ఈ వ్యాపారం గుండెకాయ. దాన్ని "కొనుగోలు" అనే ఫోల్డర్‌లో, కొనుగోలు కోడ్ పక్కనే పెట్టాలి. యుటిల్స్‌లో పెడితే ఏమవుతుంది? కొత్తగా వచ్చినవాడు రేటు ఎలా కడుతున్నారో చూద్దామని కొనుగోలు ఫోల్డర్ అంతా వెతుకుతాడు, దొరకదు. మళ్లీ రాస్తాడు. ఇప్పుడు రేటు లెక్కలు రెండు.

యుటిల్స్ ఫోల్డర్ మన ఇంట్లో అటక లాంటిది. పనికొస్తుందని ఎక్కిస్తాం, కిందికి దించేవాడు ఉండడు. అందుకని "హెల్పర్స్", "కామన్", "మిస్క్" లాంటి పేర్ల బదులు లోపల ఏముందో చెప్పే పేరు పెట్టండి. "తారీకులు", "డబ్బు", "తెలుగు టెక్స్ట్". ఫైల్ పేరు చూడగానే ఏది అందులో ఉండకూడదో కూడా తెలిసిపోతుంది. ఇంకో మాట. హెల్పర్ డేటాబేస్‌ని ముట్టుకోకూడదు, ఎవరు లాగిన్ అయ్యారో అడగకూడదు. ఇచ్చింది తీసుకుని, లెక్క తేల్చి, జవాబు చేతిలో పెట్టాలి. అప్పుడే దానికి టెస్ట్ రాయడం అయిదు నిమిషాల పని.

అట్లా అని ప్రతి చిన్నదానికీ బయటి ప్యాకేజీ దించుకోవడం కూడా మంచిది కాదు. 2016 మార్చి 22న జావాస్క్రిప్ట్ ప్రపంచం చూసింది కదా. ఒక పదానికి ఎడమవైపు ఖాళీలు నింపే లెఫ్ట్ ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయన ఎన్‌పీఎం నుంచి తీసేశాడు. దాన్ని నమ్ముకున్న బాబెల్ లాంటి పెద్దపెద్ద ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. చివరికి ఎన్‌పీఎం వాళ్లే దాన్ని వెనక్కి తెచ్చి పెట్టాల్సి వచ్చింది. పది లైన్లలో అయ్యే పనికి పక్కూరి నుంచి అప్పు తెచ్చుకునేముందు ఆలోచించాలి.

మారేవి నాలుగు రకాలు

ఇక కాన్ఫిగరేషన్. కోడ్‌లో కనిపించే ప్రతి అంకెనీ "కాన్ఫిగ్‌లో పెట్టేద్దాం" అంటారు చాలామంది. అక్కడే పొరపాటు. ఎప్పుడు మారుతుంది, ఎవరు మారుస్తారు అని అడిగితే నాలుగు రకాలు తేలతాయి.

ఒకటి, మారనివి. క్వింటాలుకి 100 కిలోలు. ఇది కోడ్‌లోనే ఒక పేరు పెట్టి ఉంచాలి. దీన్ని సెట్టింగ్స్ స్క్రీన్‌లో పెడితే ఎవడో ఒకడు 99 చేస్తాడు.

రెండు, చోటుని బట్టి మారేవి. డేటాబేస్ అడ్రస్, మీ ల్యాప్‌టాప్‌లో ఒకటి, టెస్ట్ సర్వర్‌లో ఒకటి, అసలు సర్వర్‌లో ఒకటి. కోడ్ అదే, నడిచే చోటు వేరు. అచ్చంగా కాన్ఫిగరేషన్ అంటే ఇదే.

మూడు, కాలాన్ని బట్టి మారేవి. ఇవి డేటా. వీటి ఇల్లు డేటాబేస్ టేబుల్. మన పత్తి మద్దతు ధరే చూడండి. పొడవు పింజ రకానికి 2024-25లో క్వింటాలుకి 7,521 రూపాయలు, 2025-26లో 8,110. కాన్ఫిగ్‌లో 7,521 తీసేసి 8,110 రాశారనుకోండి. కిందటేడాది చీటీని మళ్లీ ప్రింట్ తీస్తే అది కూడా 8,110తో వస్తుంది! అందుకని "ఫలానా తారీకు నుంచి ఫలానా ధర" అని వరుసలుగా దాచాలి. పాతది చెరపకూడదు. జీఎస్టీ కూడా అంతే. 2025 సెప్టెంబర్ 22న 12, 28 శాతం స్లాబులు పోయి చాలా వస్తువులు 5, 18 శాతాల్లోకి వచ్చాయి. సెప్టెంబర్ 21 బిల్లుకి పాత రేటు, 22 బిల్లుకి కొత్త రేటు. కోడ్‌లో 12 అని నేరుగా రాసుకున్నవాళ్లకి ఆ రాత్రి నిద్రలేదు.

కొత్తపట్నం ఒడ్డున ఇంకో ఉదాహరణ ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా. ఆ రోజులకి మన రాష్ట్రంలో మత్స్యకార కుటుంబానికి ఇచ్చే సాయం 2019లో 10,000 రూపాయలైంది, 2025లో 20,000 అయింది. తేదీలు తీరాన్ని బట్టి, మొత్తం ఏడాదిని బట్టి మారుతున్నాయి. ఇలాంటివి టేబుల్‌లో ఉంటే ఆఫీసులో కూర్చున్న గుమస్తా కూడా మార్చగలడు. కోడ్‌లో ఉంటే మీ ఫోన్ మోగుతుంది.

"ఇది ఎప్పటికీ మారదులే" అనుకున్నవి కూడా మారతాయి. తెలంగాణ బండ్ల నంబర్‌లో టీఎస్ అని ఉండేది, 2024 మార్చిలో టీజీ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలుండేవి, 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. ఆ రోజు నుంచి చీరాల ప్రకాశంలో లేదు, బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. జిల్లాల లిస్టుని జావాస్క్రిప్ట్ ఫైల్లో చేత్తో టైప్ చేసుకున్న ఫామ్‌లో చీరాలవాసి తన జిల్లాని ఎంచుకోలేడు.

ఈ ఆలోచనేమీ కొత్తది కాదు. డేవిడ్ పార్నస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1972లోనే ఒక పేపర్‌లో రాశాడు. ప్రోగ్రామ్‌ని ముక్కలు చేసేటప్పుడు పని జరిగే వరసని బట్టి చేయొద్దు, రేపు మారేట్టున్న నిర్ణయం ఏదో చూసి దాన్ని ఒక ముక్కలో దాచేయండి అన్నది దాని సారాంశం. యాభై ఏళ్లు దాటినా మన ఫోల్డర్లకి అదే కొలమానం.

నాలుగోది బీరువా తాళం

నాలుగో రకం, రహస్యాలు. డేటాబేస్ పాస్‌వర్డ్, పేమెంట్ కీ, ఎస్సెమ్మెస్ గేట్‌వే కీ. ఇవి కోడ్‌లో ఉండకూడదు, గిట్‌లోకి వెళ్లకూడదు. 2016లో ఊబర్ డేటా పోయింది ఇలాగే. దాడి చేసినవాళ్లు ఆ కంపెనీ ప్రైవేట్ గిట్‌హబ్ రిపోజిటరీలోకి దూరి, అక్కడ దొరికిన క్లౌడ్ తాళాలతో 5.7 కోట్ల మంది ప్రయాణికులు, డ్రైవర్ల వివరాలు పట్టుకుపోయారు. లోకానికి తెలిసింది 2017 నవంబర్‌లో. "మాది ప్రైవేట్ రిపో, పర్లేదులే" అనేవాళ్లు ఆ "ప్రైవేట్" మాట ఇంకోసారి చదవండి.

2011లో హెరోకూ వాళ్లు ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్ అని పన్నెండు సూత్రాలు రాశారు. అందులో కాన్ఫిగ్‌కి ఒక పరీక్ష ఉంది. మీ కోడ్ మొత్తాన్ని ఈ నిమిషంలో అందరికీ బయటపెట్టినా ఏ తాళమూ బయటపడకుండా ఉంటుందా? ఉంటే పాస్. రహస్యాలు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఉండాలి. ల్యాప్‌టాప్‌లో డాట్ ఈఎన్‌వీ ఫైల్ వాడుకోండి, దాన్ని గిట్ ఇగ్నోర్‌లో చేర్చండి. పేర్లు మాత్రమే ఉండి విలువలు ఖాళీగా ఉన్న నమూనా ఫైల్ ఒకటి గిట్‌లో పెడితే కొత్తగా చేరినవాళ్లకి ఏమేం కావాలో తెలుస్తుంది.

పొరపాటున కీ గిట్‌లోకి వెళ్లిపోతే? లైన్ డిలీట్ చేసి ఇంకో కమిట్ కొడితే సరిపోదు. పాత కమిట్‌లో అది భద్రంగా ఉంటుంది. మొదటి పని ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడం. తాళంచెవి పోతే తాళమే మారుస్తాం కదా.

ఫ్రంట్ ఎండ్ చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. నెక్స్ట్ జేఎస్‌లో "నెక్స్ట్ పబ్లిక్" అని మొదలయ్యే వేరియబుల్, వీట్‌లో "వీట్" అని మొదలయ్యేది, బిల్డ్ టైమ్‌లో బ్రౌజర్‌కి వెళ్లే ఫైల్లో కలిసిపోతుంది. డాట్ ఈఎన్‌వీలో రాశాం కాబట్టి భద్రం అనుకోవద్దు. ఎవరైనా బ్రౌజర్‌లో సోర్స్ తెరిచి చదివేసుకోవచ్చు.

ఫ్రేమ్‌వర్క్ మాట వినండి

మంచి వార్త ఏంటంటే చాలా ఫ్రేమ్‌వర్క్‌లు గదులు కట్టే ఇస్తాయి. రైల్స్‌లో పేజీలో చూపించే పనులకి హెల్పర్స్ ఫోల్డర్ ఉంది, సెట్టింగులకి కాన్ఫిగ్ ఫోల్డర్ ఉంది. రహస్యాల్ని ఎన్‌క్రిప్ట్ చేసి దాచే ఏర్పాటు కూడా ఉంది, దాని మాస్టర్ కీని మాత్రం గిట్ బయట ఉంచుకోవాలి. జాంగోలో సెట్టింగ్స్ ఫైల్, పేజీలకి పనికొచ్చే చిన్న ఫంక్షన్లకి టెంప్లేట్ ట్యాగ్స్ ఫోల్డర్ ఉన్నాయి. లారావెల్‌లో కాన్ఫిగ్ ఫోల్డర్ ఉంది, కానీ ఒక మెలిక. డాట్ ఈఎన్‌వీ విలువని ఈఎన్‌వీ ఫంక్షన్‌తో కాన్ఫిగ్ ఫైళ్లలో మాత్రమే చదవాలి. మిగతా కోడ్ అంతా కాన్ఫిగ్ ఫంక్షన్‌నే అడగాలి. ఎందుకంటే సర్వర్‌లో కాన్ఫిగ్ క్యాష్ చేశాక లారావెల్ ఆ ఫైల్‌ని ఇక తెరవదు. మీ ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచింది, సర్వర్‌లో ఖాళీ విలువ ఇస్తుంది. ఎన్ని ఆదివారాలు ఈ మెలిక మింగిందో లారావెల్ వాళ్లని అడగండి.

మీ దగ్గర ఏ ఫ్రేమ్‌వర్క్ ఉన్నా ఒక అలవాటు చేసుకోండి. కాన్ఫిగ్ చదివే కోడ్ ఒక్క ఫైల్లోనే ఉండాలి. యాప్ మొదలయ్యేటప్పుడే అన్నీ ఉన్నాయా అని అది చూడాలి. ఒక్కటి లేకపోయినా "ఎస్సెమ్మెస్ కీ లేదు" అని అరిచి ఆగిపోవాలి. కీ లేదని అప్పుడే తెలిస్తే మీకు పది నిమిషాల పని. తెల్లవారుజామున కాటా దగ్గర తెలిస్తే లారీ, ఐసు, కూలీలు, రైతు అందరూ ఆగిపోతారు.

కాన్ఫిగ్ మార్పే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ కొత్త కోడ్‌ని ఎనిమిది సర్వర్లలో ఏడింటికే ఎక్కించింది. కొత్త పనికి ఎప్పుడో వాడి వదిలేసిన పాత ఫ్లాగ్‌నే మళ్లీ వాడారు. ఎనిమిదో సర్వర్‌లో ఆ ఫ్లాగ్ పాత కోడ్‌ని లేపింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. పనైపోయిన ఫ్లాగ్‌ని తీసెయ్యాలి, పాత పేరుతో కొత్త పని చేయించకూడదు. అటక మీద చచ్చిందనుకున్న పాము అది.

ఈ ఆదివారం ఒక గంట

మీ ప్రాజెక్ట్ తెరవండి. ముందు "పాస్‌వర్డ్", "సీక్రెట్", "కీ" అని వెతకండి. దొరికినవి బయటికి తీసి, వాటి స్థానంలో కొత్త తాళాలు తెచ్చుకోండి. తర్వాత "ఈరోజు తారీకు" ఎన్నిచోట్ల లెక్కగడుతున్నారో చూడండి. ఒకటికంటే ఎక్కువైతే ఒకటి చేయండి. ఆపైన కోడ్‌లో పేరు లేకుండా నిలబడ్డ అంకెలు వెతకండి. ఒక్కోదాన్ని "నువ్వెప్పుడు మారతావు? నిన్నెవరు మారుస్తారు?" అని అడగండి. ఎప్పటికీ మారనిదైతే పేరు పెట్టండి, చోటుని బట్టి మారేదైతే కాన్ఫిగ్‌కి పంపండి, కాలాన్ని బట్టి మారేదైతే తారీకుతో సహా టేబుల్‌కి పంపండి. చివరిగా యుటిల్స్ తెరిచి, వ్యాపారం తెలిసిన ఫంక్షన్లని వాటి సొంత ఇంటికి చేర్చండి.

ఫోల్డర్లకి అందమైన పేర్లు పెట్టినందుకు ఎవరూ జీతం పెంచరు. కానీ మనం రాసిన కోడ్ దగ్గర చివర్లో నిలబడేది ఒక మనిషి. ఆయనకి యూటీసీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. చేతిలో చీటీ మీద తారీకు, బరువు, రేటు సరిగ్గా ఉంటే కాటా వేసినవాడిని నమ్ముతాడు, లేకపోతే ఆ పొద్దు నుంచి నమ్మడం మానేస్తాడు.